కొలత తీసుకోని పాదాలు

1985 జూన్‌లో నన్ను ఇల్లందు ప్రాంతంలోని ఒక బొగ్గు గనికి క్రీడా శిక్షకుడిగా వేశారు. అక్కడ ఆరేళ్ళు పనిచేశాను. ఆ కాలంలో నేను రాసిన నివేదికల్లో ఒకటి తప్పుడుది. అందులో రాసినదానికంటే రాయకుండా వదిలేసినది పెద్ద తప్పు. అదిప్పుడు చెబుతున్నాను.

గని కార్మికుల్లో ఆటగాళ్ళను ఏరి, ఏటా జరిగే అంతర్ గనుల పోటీలకు తయారుచేయడం నా పని. హోదాకు సూపర్‌వైజర్‌ని, చేతికింద మాత్రం ఎవరూ లేరు. బాక్సింగ్ సామానంటే రెండు జతల గ్లౌజులు, ఇసుక నింపి వేపకొమ్మకు వేలాడదీసిన గోనెసంచి. అంతే.

ఆ ఏడాది బాక్సింగ్‌కు వచ్చినవారిలో లచ్చయ్య ఒకడు. భద్రాచలం అవతల అడవి అంచు పల్లె నుంచి వచ్చిన కోయ యువకుడు. కోల్ ఫిల్లర్‌గా చేసేవాడు, అంటే భూగర్భంలో పేల్చిన బొగ్గును టబ్బుల్లోకి ఎత్తేవాడు. మొదటి స్థానం తెచ్చినవాడికి భూమి పైన పని ఇస్తామని మేనేజరు మాట ఇచ్చారు. లచ్చయ్యకు కావలసింది అదే. అతను పైకి వచ్చేదాకా భార్య సమ్మక్క ముద్ద ముట్టేది కాదట.

బాక్సింగ్‌లో చేతులకంటే ముందు నేర్పేది కాళ్ళకు. ఎడమ పాదం ముందు, కుడి పాదం వెనక, వెనక మడమ కాస్త లేచి ఉండాలి. ఎటు వెళ్ళాలో అటువైపు పాదమే ముందు కదలాలి, రెండోది అంతే దూరం జరగాలి. పాదాలు ఒకదాన్నొకటి దాటిన క్షణంలో చిన్న దెబ్బకే మనిషి తూలిపోతాడు. దీనికోసం నేల మీద సున్నంతో గడి గీసి, అందులో మూడు నిమిషాలు తిప్పి, ఒక నిమిషం ఆపేవాణ్ణి. మిగతావారికి అది పట్టుబడడానికి నెల పట్టింది. లచ్చయ్యకు మూడు రోజులు చాలాయి.

ఎక్కడ నేర్చావని అడిగాను.

"ఇప్పచెట్టు కింద సారూ. తెల్లారేసరికి నేలంత పూలే ఉంటయి. తొక్కితె మట్టి అంటుతదని మా అవ్వ మడిమెల మీద కట్టెతోని కొట్టేది. ముందుగాల వేలు పెట్టి సూసుకోవాలె, బరువు ఎనక పెట్టాలె."

నా శిక్షణలో ఆ మాట లేదు. మర్నాటి నుంచి గడిలో చింతగింజలు చల్లించాను. ఉత్తకాళ్ళతో, గింజ వేలికి తగలగానే పక్కకు జరగాలి, చూపు మాత్రం ఎదుటివాడి మీదే ఉండాలి. బొగ్గు టబ్బులను లాగే హాలేజీ యంత్రం నడిపే హమీద్ గట్టు మీద కూర్చుని వేళాకోళం చేసేవాడు.

"ఏంది లచ్చన్నా, కొట్టేదేమన్న ఉన్నదా, గింజలేరుడేనా?"

"నువ్వొకపారి దిగు హమీద్ భాయ్. గింజలు నేనేరుత, రాలిన నీ పండ్లు నువ్వేరుకుందువు."

నా ఉద్యోగంలో అంత హాయిగా గడిచిన నెలలు మళ్ళీ లేవు.

పోటీల్లో బూట్లు తప్పనిసరి. వాటికోసం స్టోరుకు ఇండెంటు, అంటే సామాను కోరే పత్రం, పంపాలి. గడువు రోజున లచ్చయ్య మొదటి షిఫ్టులో భూమి కింద ఉన్నాడు. నాలుగింటికి పైకి వస్తాడు. నేను రెండింటి బస్సుకు ఖమ్మం వెళ్ళి సినిమా చూడాలనుకున్నాను. అతనూ నా ఎత్తే కదా అని, నా సైజు ఎనిమిది వేసి సంతకం పెట్టాను.

బూట్లు ప్రయాణానికి ముందురోజు వచ్చాయి. పొడవు సరిపోయింది. కానీ గనిలో చేరేదాకా చెప్పులెరగని పాదం అతనిది, వేళ్ళు విసనకర్రలా విచ్చుకుని ఉండేవి.

"బాగ పట్టుకున్నయి సారూ. నేల తెలుస్తలేదు," అన్నాడు.

వాడుతుంటే సాగుతాయన్నాను. బజారులో వెడల్పాటి కాన్వాస్ బూట్లు దొరికేవి, నియమాలూ ఒప్పుకునేవి. అవి కొంటే స్టోరు బూట్లు ఎందుకు పనికిరాలేదని పై అధికారి అడుగుతాడు. ఆ ప్రశ్నకు భయపడ్డాను.

ఫైనల్‌లో మొదటి రౌండు లచ్చయ్యదే. రెండో రౌండులో అడుగులు కురచబడ్డాయి. మూడో రౌండులో పాదాలు నేలకు అతుక్కుపోయాయి. పాయింట్ల మీద ఓడిపోయాడు. బూట్లు విప్పితే రెండు చిటికెన వేళ్ళకూ తోలు లేచిపోయి ఉంది. నేను నివేదికలో, "పాదాల కదలికలో చురుకుదనం చాలలేదు" అని రాశాను.

ఆ నివేదికను నోటీసు బోర్డుకు అంటించారు. వారం తిరక్కుండా అతనికి 'బరువు కాళ్ళ లచ్చన్న' అన్న పేరు పడింది. మళ్ళీ మైదానానికి రాలేదు. భూమి పైన పని సీనియారిటీ మీద వచ్చేసరికి మరో ఏడేళ్ళు పట్టింది.

కిందటేడు స్వచ్ఛంద విరమణ తీసుకున్నాక ఇల్లందు వెళ్ళాను. లచ్చయ్య ఇప్పుడు కార్మికులకు టోపీదీపాలు ఇచ్చే ల్యాంప్ రూములో ఉన్నాడు. కాస్త ఒళ్ళు చేశాడు, కులాసాగా ఉన్నాడు. సమ్మక్క చాయ్ పెట్టింది. ఇండెంటు సంగతి, సినిమా సంగతి అన్నీ చెప్పాను. అతను నవ్వాడు.

"పుండ్లు నా కాళ్ళకే లేసినయి గద సారూ, నాకెరుక లేదా? నన్ను కొలవకుంట తెప్పిచ్చిండ్రని గా దినమే తెల్సింది."

మరి అప్పుడే ఎందుకు నిలదీయలేదన్నాను.

"నిలదీస్తె అవ్ అంటుంటిరా మీరు?"

సమ్మక్క గ్లాసులు తీస్తూ అంది: "ఇంట్ల చెప్తె ఏమొస్తది సారూ? గా పేరు పెట్టింది క్యాంటీన్ల. ఆడ చెప్పుండ్రి."

శిక్షకుడు మనిషి పాదం చూడకుండా అంకె వేయకూడదు. ఓటమి నివేదిక రాసేటప్పుడు ముందు తన పని తనిఖీ చేసుకోవాలి. ఈ రెండూ నాకు ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే తెలియవలసినవి.

మర్నాడు పొద్దున మొదటి షిఫ్టుకు ముందు క్యాంటీన్‌కు వెళ్ళాను. ముప్పై మంది దాకా ఉన్నారు, వారిలో లచ్చయ్య కూడా. గడ్డం నెరిసిన హమీద్ నన్ను గుర్తుపట్టి, "ఏంది సారూ, మళ్ళ పోటీలా? ఈసారి కాళ్ళున్నోన్ని తీస్కపోండ్రి," అన్నాడు. అందరూ నవ్వారు. లచ్చయ్య కూడా నవ్వాడు.

నేను నిలబడే చెప్పాను: "ఆ రోజు ఓడింది ఇతని కాళ్ళు కాదు. కొలత తీసుకోకుండా బూట్లు తెప్పించింది నేను. బిగువుగా ఉన్నాయన్నా వినకుండా తొడిగించింది నేను. తప్పు ఇతని కాళ్ళ మీద రాసిందీ నేనే. లచ్చయ్యా, ఇంతమంది ముందు అడుగుతున్నాను, నన్ను మన్నించు."