కొత్త అధ్యక్షుడు, కొత్త అర్జీ

మా రాష్ట్ర డాక్టర్ల సంఘంలో నాదొక పదవి ఉంది. సంయుక్త కార్యదర్శి. దానికి ఎవరూ పోటీ పడరు కాబట్టి నన్నెవరూ దించలేదు. హన్మకొండలో నా క్లినిక్‌లో జనం పలచబడే మధ్యాహ్నం వేళ కూర్చుని ప్రభుత్వానికి అర్జీలు టైపు చేయడం నా పని. అధ్యక్షుడు సంతకం పెడతాడు, మంత్రిగారికి ఇస్తాడు, ఫోటో దిగుతాడు. దీన్ని మావాళ్లు ఆరోగ్య విధానం కోసం పోరాటం అంటారు.

మూడేళ్ల క్రితం ఒక అమ్మాయి ఫోన్ చేసింది. ఏటూరునాగారం దాటాక అడవిలో ఉన్న ఒక చిన్న సర్కారు దవాఖానకు ఆమే డాక్టర్. ఆమె తప్ప మరో డాక్టర్ లేరు.

"సార్, నేనడిగేది ఒక్కటే. ఇంకో డాక్టర్ పోస్టు ఇప్పియ్యుండ్రి. మా ఇంటాయన మరిపెడల ఉంటడు. ఒక్క దినం పోయొద్దామన్నా ఇక్కడ చూసెటోళ్లు లేరు. నేను లేనప్పుడే పాము కరిసినోళ్లను పట్టుకొస్తరు సార్."

న్యాయమైన మాట. ఆ రోజే అర్జీ రాశాను. ఒక్క పేజీ, ఒక్క కోరిక. బాగా రాశానని మురిసిపోయాను కూడా. నా మొహం, ఏ సంఘంలో ఉన్నానో మరిచిపోయాను.

అప్పటి అధ్యక్షుడు ఎముకల డాక్టరు. కాగితాన్ని ఇటూ అటూ తిప్పి చూశాడు.

"ఏందన్నా, గింతేనా? ఒక్క పేజీ పట్టుకపోతే మినిస్టర్ ముంగట మన ఇజ్జత్ ఏముంటది? జర నింపు."

నింపాను. డాక్టర్ల మీద దాడులు చేసేవాళ్లకు గట్టి శిక్షలు, క్లినిక్‌ల అనుమతులన్నీ ఒకేచోట, సంఘ భవనానికి స్థలం. ఆ అమ్మాయి అడిగింది తొమ్మిదో అంశంగా కిందికి జారింది. మంత్రిగారు టైం ఇచ్చేసరికి మా ఎన్నికలు వచ్చిపడ్డాయి. దిగిపోయేవాడి సంతకానికి విలువేముంటుందని అధ్యక్షుడే అర్జీని పక్కన పెట్టేశాడు.

మా సంఘంలో ఒక ఆచారం ఉంది. పాత అధ్యక్షుడి అర్జీని కొత్త అధ్యక్షుడు ముట్టడు, ఎంగిలి విస్తరిని చూసినట్టు చూస్తాడు. లెటర్‌హెడ్ మీద కార్యవర్గం పేర్లన్నీ మారాలి. అది అచ్చు కావాలంటే ముందు ప్రమాణ స్వీకారం జరగాలి. అది జరగాలంటే మంచి ముహూర్తం, మంచి ఫంక్షన్ హాలు, ఖాళీగా ఉన్న మంత్రి ఒకే రోజు దొరకాలి. ఊపిరాడని పేషెంటును గుమ్మంలో నిలబెట్టి, నా పేరు కుట్టిన కోటు వచ్చాక చూస్తానన్నట్టుంటుంది మా వ్యవహారం.

రెండో అధ్యక్షుడు పిల్లల డాక్టరు, సంస్కరణల మనిషి. "ఇది అర్జీ లెక్క లేదన్నా, ఏడుపు లెక్కున్నది. పాలసీ డాక్యుమెంట్ కావాలె మనకు" అని ఉపసంఘం వేశాడు. ఆ ఉపసంఘం హైదరాబాదులో ఏసీ హోటల్లో రెండు రోజులు కూర్చుని అడవి ప్రాంతాల ఆరోగ్యం గురించి చర్చించింది. అందులో ఒక్కరూ అడవిలోకి వెళ్లినవాళ్లు కాదు. భోజనంలో బొంగు చికెన్ మాత్రం పెట్టారు. అడవితో మా సంఘానికి ఏర్పడిన సంబంధం అదొక్కటే. డాక్యుమెంటు లావుగా వచ్చింది. అమ్మాయి పోస్టు ఎక్కడుందా అని వెతికితే చివరి అనుబంధంలో కనిపించింది. అది అచ్చయ్యే లోపు ఆయన ఏడాదీ అయిపోయింది.

మూడో అధ్యక్షుడు మా ఊరివాడే, కళ్ల డాక్టరు. ప్రమాణ స్వీకారం వరంగల్‌లో పెట్టుకున్నాడు. అడవి ప్రాంతంలో సేవ చేస్తున్న ఒకరిని సన్మానిస్తే పేపర్లో బాగుంటుందన్నాడు. నేను ఆ అమ్మాయి పేరు చెప్పాను. మంత్రిగారి ముందుకు ఆమెనే తీసుకొస్తే పని అవుతుందని నా తెలివి.

బస్సు దిగి వచ్చింది. చూస్తే ఏడో నెల.

"కాన్పుకు పోవాలె సార్. నేను పోతే ఆడ ఎవలూ లేరు. పోకుంటే నాకెవలూ లేరు. ఈసారన్న అర్జీ ఇస్తరా?"

"ఇస్తం బిడ్డా" అన్నాను. నేను మొదట రాసిన ఆ ఒక్క పేజీ జేబులోనే ఉంది. స్టేజీ ఎక్కి అధ్యక్షుడి చేతిలో పెట్టాను. ఆయన విప్పి చూసి అదిరిపడ్డాడు.

"పాగల్ అయినవా అన్నా? దీని మీద ఆ ఎముకలాయన పేరున్నది! నా ప్రమాణ స్వీకారంల నేనే ఆయన పేరు పట్టుకపోయి ఇస్తనా?"

మడిచి నా చేతిలోనే కుక్కాడు. ఆ వెంటనే కెమెరా వైపు తిరిగి నవ్వాడు. అమ్మాయికి శాలువా కప్పారు, గాజు జ్ఞాపిక ఇచ్చారు, చప్పట్లు కొట్టించారు. మైకు మాత్రం ఇవ్వలేదు, టైం లేదట. మంత్రిగారు వెళ్లిపోయారు. ఆమె మెల్లగా నా దగ్గరికి వచ్చింది.

"ఇచ్చిండ్రా సార్?"

"కొత్త లెటర్‌హెడ్ రాంగనే ఇస్తరమ్మా."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. జ్ఞాపిక నా చేతికిచ్చి, "ఇది పట్టుకొని బస్సుల నిలవడలేను సార్, మీరే ఉంచుకోండ్రి" అని వెళ్లిపోయింది.

నెల తిరక్కుండానే ఫోన్ చేసింది. రాజీనామా చేసిందట. తెల్ల కాగితం మీద నాలుగు లైన్లు రాసిచ్చిందట, వారంలో ఆమోదించారట. "లెటర్‌హెడ్ ఎవ్వలూ అడగలే సార్" అని నవ్వింది. ఆ దవాఖానకు తాళం పడింది. పాము కరిచినవాళ్లను ఇప్పుడు ములుగు దాకా మోసుకొస్తున్నారు.

కడుపు మండి అధ్యక్షుడికి ఫోన్ చేశాను. "అరెరె, మంచి పిల్ల!" అన్నాడు. అంతలోనే అందుకున్నాడు. "అయితే అన్నా, అక్కడ ఇప్పుడు ఇద్దరు డాక్టర్లు కావాలె గద! అర్జీల రెండు పోస్టులని మార్చు. ఒక్కటంటే మరీ చిన్నగ కనవడ్తుండె."

థూ అని ఫోన్ పెట్టేయాల్సింది. పెట్టలేదు. సరేనన్నాను. సిగ్గులేని వేళ్లతో ఒకటి చెరిపి రెండు అని కొట్టాను. కొత్త లెటర్‌హెడ్ మీద ప్రింటు తీశాను. ఎడమ పక్క వరుసలో నా పేరు ఈసారి కొంచెం పెద్ద అక్షరాల్లో వేశారు.