నాయన మెంతిమజ్జిగ

ఎండలు ముదిరితే మా ఉదయగిరిలో చాలామంది మాత్రలు మానేస్తారు. ఏ మాత్రైనా ఒంటికి వేడి చేస్తుందని వాళ్ల నమ్మకం. మా నాయన మేస్త్రీ. పొద్దస్తమానం ఎండలో గోడలు కట్టే మనిషికి ఈ మాట మరీ నచ్చింది. రక్తంలో కొవ్వు ఎక్కువుందని డాక్టరు కొత్తగా రాసిచ్చిన మాత్రల్ని పోయిన వేసవిలో మూలకు పడేసి, మెంతులు నానబెట్టి నూరి మజ్జిగలో కలిపిమ్మని అమ్మకు చెప్పాడు. రోజూ పొద్దున్నే గ్లాసు నిండా తాగి పనికి పోయేవాడు.

నేను ఆత్మకూరులో రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. మెంతుల్లో కొవ్వును తగ్గించే గుణం ఉందని నాకూ తెలుసు. అయితే అది ఏ కొంచెమో. మాత్ర చేసే పని మెంతులు చేస్తాయంటే ఒప్పుకోను. నాయన మొండితనానికి ఒళ్లు మండి, పరీక్ష చేస్తేగానీ దారికి రాడని ల్యాబుకు పిలిపించాను. ఫలితం చూసి నోరెళ్లబెట్టాను. చెడు కొవ్వు సగానికి సగం పడిపోయింది. నమ్మకం కుదరక మళ్లీ చేశాను, అదే వచ్చింది. నాయన ల్యాబులో అందరూ వినేట్టు నా చదువును ఎగతాళి చేసి, మీసం దువ్వుకుంటూ బస్సెక్కాడు. బస్సులోంచే సీతారామపురంలో ఉన్న పెదనాయనకు ఫోన్ చేశాడట. ఆ సంగతి అప్పటికి మాకెవరికీ తెలియదు.

పెదనాయన గుండెకు అప్పటికే స్టెంటు వేసి ఉంది. తమ్ముడి మాటంటే ఆయనకు గురి. నెల తిరక్కముందే చేలో కుప్పకూలిపోయాడు. నెల్లూరు ఆసుపత్రికి చేర్చేసరికి ఆలస్యమైంది. ప్రాణం దక్కింది గానీ, గుండె ఇక సగం బలంతోనే కొట్టుకుంటుందని డాక్టరు చెప్పాడు. ఇది ఎందుకు జరిగిందో మాకు అంతుపట్టలేదు.

మేము వార్డులోకి వెళ్లేసరికి నర్సు మాత్రలు పట్టుకుని నిలబడి ఉంది. పెదనాయన తల అడ్డంగా ఊపుతున్నాడు.

"ఎండలు పోయేదాకా ఇవి వద్దమ్మా. మా తమ్ముడి మాదిరి నేను కూడా మెంతిమజ్జిగే తాగతా ఉండాను."

స్టెంటు ఉన్న మనిషి మాత్రలు మానేశాడా? నాయన మాత్రం, అన్న సరిగ్గా కలుపుకుని ఉండడని గొణుక్కుంటూ, ఇంటి నుంచి తెచ్చిన సీసా మూత తీసి గ్లాసులోకి వంచాడు. అమ్మ ఆ గ్లాసు లాగేసుకుంది. మజ్జిగ మంచం మీదంతా ఒలికింది.

"బావకు పొయ్యొద్దు. రోజూ నీ మజ్జిగలో నేను మాత్ర నూరి కలిపినాను. మెంతుల చేదులో నీకు తెలీలేదు."

ల్యాబులో నేను రెండుసార్లు చూసి నమ్మింది మెంతుల్ని కాదు, అమ్మ నూరిన మాత్రని. నాయనను బతికించుకోవడానికి ఆమె చేసిన పని అది. అందుకు ఆమెను తిట్టాలో, ఆ కాళ్లకు దండం పెట్టాలో నాకు తోచలేదు. నాయన కోప్పడతాడనుకున్నాను. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. అమ్మ వైపు తిరిగాడు.

"నాకు చెప్పుంటే నేను అన్నకు చెప్పుండను గదమే."

అమ్మ తల దించుకుంది. పెదనాయన మాత్రల కోసం నర్సు వైపు చెయ్యి చాపాడు.