తాడు మామయ్య

ఒక ఏడాది మా హైస్కూలు వార్షికోత్సవంలో గంటసేపు నడవాల్సిన నాటకం తొమ్మిదో నిమిషంలో ముగిసింది. మొదటి రంగంలో మంత్రిని పలకరించాల్సిన రాజు, ఏం తోచిందో ఏమో, ఆఖరి రంగంలోని ఆఖరి మాట అనేశాడు: "ఇక ఈ రాజ్యం నాకు వద్దు." అన్నాడో లేదో తెర పడింది. సభలో చప్పట్లు మోగాయి. ముఖ్య అతిథి వేదిక ఎక్కి, చెప్పదలచుకున్నది ఇంత క్లుప్తంగా చెప్పిన నాటకాన్ని తాను ఇంతవరకూ చూడలేదని మెచ్చుకుని, రాసినవాణ్ణి కనక నా చెయ్యి పట్టుకుని చాలాసేపు ఊపాడు. తెర వెనక ఇద్దరు రాణులు, ఒక సేనాపతి, మీసాలు అతికించుకున్న పదకొండుమంది సైనికులు వరసగా నిలబడి ఉన్నారు. వాళ్లలో ఒక్కరూ ఇంకా నోరు విప్పలేదు.

తెర దించినాయన్ని నిలదీయబోయాను.

"మీరు చెప్పిన మాట వచ్చింది, దించాను. రాజుగారే రాజ్యం వద్దన్నాక ఆపడానికి నేనెవర్ని సారూ?" అన్నాడు.

ఆయన మా బడిలో అటెండరు. పొద్దున్నే గదుల తాళాలు తీయడం, గంట కొట్టడం, సుద్దముక్కలు పంచడం, హెడ్మాస్టరు కళ్లజోడు ఎక్కడ పెట్టి మర్చిపోయారో వెతికిపెట్టడం ఆయన పనులు. నాటకాలప్పుడు మాత్రం తెర తాడు పట్టేవాడు. అందుకని పిల్లలు 'తాడు మామయ్య' అన్నారు. ఆ పేరు ఎంతగా అతుక్కుపోయిందంటే, కొత్తగా వచ్చిన హెడ్మాస్టరొకాయన పాపం అదే ఇంటిపేరనుకుని ఏడాదిపాటు 'తాడుగారూ' అని పిలిచాడు.

ఆ తెర సామాన్యమైంది కాదు. ఎవరో పెద్దమనిషి మా మీద దయతో ఇచ్చిన మందపాటి గుడ్డ. తడిసిన పరుపంత బరువు. దూలానికి ఒక కప్పీ, దాని మీదుగా తాడు. లాగితే తెర పైకి లేస్తుంది, తాడుని గోడ కొక్కేనికి చుట్టెయ్యాలి. దించేటప్పుడు ఆ చుట్లు విప్పి, బరువంతా చేతుల్లోకి తీసుకుని, చెయ్యి మార్చి చెయ్యి మెల్లగా వదలాలి. ఒకసారి మా డ్రిల్లు మాస్టారు "ఇదో బ్రహ్మవిద్యా?" అంటూ చుట్లు విప్పాడు. తెర కిందికి వచ్చింది. డ్రిల్లు మాస్టారు పైకి వెళ్లాడు.

తాడు మామయ్య ఎన్నడూ వేదిక వైపు చూసేవాడు కాదు. కళ్లు తాడు మీద, చెవులు మాటల మీద. చదువు అంతంతమాత్రం కాబట్టి ప్రతి రంగంలోనూ ఆఖరి మాట ఏదో ముందే నన్నడిగి, గంట కొట్టడానికి వెళ్తూ వస్తూ దాన్ని వల్లె వేసుకునేవాడు. ముప్ఫై ఏళ్లు మా నాటకాలన్నీ ఆయన విన్నాడే తప్ప చూడలేదు. ఒక్కదాన్ని తప్ప.

ఆ ఒక్కదాంట్లో ఆయన కూతురు ఆడింది.

లేకలేక పుట్టిన ఒక్కతే కూతురు. మా బడిలోనే చదివింది. నాలుగు గదుల అవతలికి వినిపించే గొంతు కావడంతో, గంట కొట్టే ఆయన కూతురని కూడా కలిసొచ్చి, టీచర్లందరం 'చిన్నగంట' అనేవాళ్లం. అది పదో తరగతిలో ఉండగా నేను 'పడవవాడి కూతురు' అని ఒక పాటల నాటకం రాశాను. పొగమంచులో తండ్రి పడవకి ఒడ్డు తెలియాలని ఒక పిల్ల రోజూ రేవులో నిలబడి పాడుతుంటుంది. జబ్బుపడ్డా పాట ఆపదు. చివరికి పడవ ఒడ్డుకి తగిలేసరికి పాట ఆగిపోతుంది. నేను లెక్కలు చెప్పేవాణ్ణి. అందరినీ ఏడిపించడం నాకు అంతకుముందు పరీక్షల్లోనే అలవాటు. కానీ ఆ రోజు చిన్నగంట పాడుతుంటే సభంతా ఏడ్చింది. తాడు మామయ్య మెడ తిప్పి వేదికనే చూస్తూ తెర దించాడు. అయినా ఒక్క క్షణం కూడా తేడా రాలేదు.

నాలుగేళ్ల తరవాత ఆ పిల్లకి జ్వరం వచ్చింది. జ్వరం గుండెకి పాకింది. తల్లి పిల్లతో ఆసుపత్రిలోనే ఉండేది, తండ్రి బడి అయిపోగానే వెళ్లేవాడు. అలా మూడు వారాలు. వార్షికోత్సవం రోజు సాయంత్రం ఆఫీసు గదిలో ఫోన్ మోగితే ఎత్తింది నేనే. అవతల పిల్ల తల్లి. "మాస్టారూ, ఆయన్ని ఒక్కసారి తొందరగా పంపండి," అంది.

హాల్లో నవ్వుల నాటకం నడుస్తోంది. ఇంకో పావుగంటలో అయిపోతుంది. తాడు పట్టడం ఇంకెవరికీ రాదు. పావుగంటే కదా అనుకున్నాను.

తెర పడ్డాక చెప్పాను. ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు. ఆయన వెళ్లేసరికి పిల్ల పోయి పది నిమిషాలైందట.

నా జీవితంలో పరువుపోయిన సంగతులు చాలా ఉన్నాయి, అన్నీ నవ్వుతూ చెప్పుకుంటాను. ఇది మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. తాడు మామయ్య ఒక్కడికే చెప్పుకున్నాను, పదో రోజున. ఆయన గంట కొట్టే కొయ్యని చేతిలోకి తీసుకున్నాడు. తరవాత, "మధ్యలో వదిలేస్తే అంతమంది పిల్లలు ఏమైపోయేవాళ్లు సారూ," అని గంట కొట్టడానికి వెళ్లాడు. ఆ మాటకి బదులు తిట్టి ఉంటే బాగుండేది.

ఎనిమిదేళ్లు గడిచాయి. మా బడికి కొత్తగా ఒక సంగీతం టీచరు వచ్చింది. చిన్న వయసు, చురుకైన మనిషి. బీరువాలో దొరికిన నా 'పడవవాడి కూతురు' నోటుపుస్తకం పట్టుకుని స్టాఫ్ రూమ్‌లోకి పరుగెత్తుకొచ్చింది.

"మాస్టారూ! ఇంత గొప్ప నాటకం రాసి చెదలకి పెట్టారేంటండీ? ఈసారి ఇదే వేద్దాం. పై పోటీలకి ఎంపిక చెయ్యడానికి న్యాయనిర్ణేతలు వస్తున్నారు. ఈ ముగింపు చాలు, మనం గెలిచినట్టే!"

అప్పుడే వద్దనాల్సింది. కానీ 'గొప్ప నాటకం' అన్న మాట చెవిలో పడ్డాక నేను మనిషిని కాను. సరేనన్నాను. ఇంటికి వెళ్లి అన్నం ముందు కూర్చున్నాక గానీ తాడు ఎవరి చేతిలో ఉంటుందో గుర్తు రాలేదు.

మర్నాడు సాయంత్రం తాడు మామయ్య ఇంటికి వెళ్లాను. రెండు గదుల ఇల్లు. కిటికీ పక్కన ఆయన భార్య కుట్టుమిషను, గోడకి చిన్నగంట పదో తరగతి ఫొటో. ఆవిడ కుర్చీ దులిపి వేసింది.

"రండి మాస్టారూ. ఈయనకేమైనా చెప్పాలంటే గట్టిగా చెప్పండి. ముప్ఫై అయిదేళ్ల కాపురంలో నా మాటకి తలూపింది ఒక్కసారే. అదీ కునికిపాట్లు పడుతూ."

"ఆవిడ మాటలకేం గానీ, చెప్పండి సారూ," అన్నాడాయన.

"ఏం లేదయ్యా. ఈసారి తెర సంగతి డ్రిల్లు మాస్టారు చూసుకుంటానంటున్నాడు."

"మరి ఆయన్ని కిందికి ఎవరు దించుతారు?"

నవ్వాను. ఆవిడ నవ్వలేదు. మిషను మీద గుడ్డ సర్దుతూ, "ఆ నాటకమేనటగా?" అంది.

"అవునమ్మా."

"ఇంకోటి దొరకలేదా మీకు?"

"ఊరుకోవే," అన్నాడాయన. "మంచి నాటకం. వేసుకోనీ." తరవాత నా వైపు తిరిగి, గొంతు తగ్గించాడు. "ఈ ఏడాదితో నా ఉద్యోగం అయిపోతుంది సారూ. మళ్లీ తాడు పట్టేదెక్కడ? ఆ రోజు చిన్నదాని దగ్గర చివరికి లేను. ఈ పిల్ల దగ్గరన్నా నన్ను చివరిదాకా ఉండనివ్వండి. సరిగ్గా దించుతాను. మీకు మాట రానివ్వను."

తలూపాను. ఆవిడ టీ తెచ్చింది. ఆ రోజు ఫోన్ ఎత్తిన గొంతు ఎవరిదో ఆవిడకి తెలుసు. ఆయన్ని ఎందుకు ఆలస్యంగా పంపానని ఎనిమిదేళ్లలో ఒక్కసారీ అడగలేదు, అప్పుడూ అడగలేదు. టీలో చక్కెర ఒక చెంచా ఎక్కువ వేసింది.

అభ్యాసాలు మొదలయ్యాయి. పడవవాడి కూతురి వేషం తొమ్మిదో తరగతి పిల్లది. పిల్లలు దాన్ని 'బుగ్గలు' అంటారు. ఆకలితో చావాల్సిన మనిషికి అన్ని బుగ్గలేమిటని డ్రిల్లు మాస్టారు అభ్యంతరం చెబితే, "జబ్బుతో చస్తుంది సార్, ఆకలితో కాదు. మీరు కథ వినలేదు," అని అదే సర్దిచెప్పింది. గొంతు మాత్రం బంగారం. సంగీతం టీచరు తాడు మామయ్యకి రోజుకి పదిసార్లు చెప్పేది: "పాట ఆగాలి, పిల్ల ఒరగాలి, తెర పడాలి. మధ్యలో ఒక్క ఊపిరి తీసినంతసేపే. సరేనా?"

"సరేనమ్మా."

ఆఖరి పాట అభ్యాసం మొదలవగానే ఆయనకి బయట ఏదో పని గుర్తొచ్చేది. నీళ్ల తొట్టి నిండిందో లేదో చూసొచ్చేవాడు. ఆ తొట్టి అంతకుముందు ఎన్నడూ అన్నిసార్లు నిండి ఉండదు.

నాటకం రోజు హాలు కిక్కిరిసింది. ముందు వరసలో ముగ్గురు న్యాయనిర్ణేతలు కాగితాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నేను నోటుపుస్తకం పట్టుకుని తాడు పక్కనే నిలబడ్డాను, పిల్లలు మర్చిపోతే అందించడానికి. మొదటి మూడు రంగాలకీ తెర వెన్నలా లేచింది, వెన్నలా పడింది.

ఆఖరి పాట మొదలైంది. తాడు మామయ్య కొక్కెం చుట్లు విప్పి, బరువు చేతుల్లోకి తీసుకున్నాడు. మామూలుగా తాడు మీద ఉండాల్సిన కళ్లు వేదిక మీద ఉన్నాయి.

పాట ఆగింది. పిల్ల రేవు మెట్ల మీద ఒరిగింది. పడవవాడి వేషం వేసిన కుర్రాడు పరుగెత్తుకొచ్చి దాని తల ఒళ్లోకి తీసుకున్నాడు. ఒక ఊపిరి గడిచింది. రెండు. పది.

"దించవయ్యా," అన్నాను మెల్లగా.

ఆయనకి వినపడలేదు. అటుపక్క తెరచాటు నుంచి సంగీతం టీచరు రెండు చేతులూ కిందికి ఊపుతోంది. పడవవాడు ఏడవాల్సింది ఏడ్చేసి, ఇంకేం చెయ్యాలో తెలియక మళ్లీ మొదటినుంచి ఏడవసాగాడు. సభలో ఎవరో దగ్గారు. తాడు మామయ్య తాడుని రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు. తెర బరువంతా ఆ చేతుల మీదే ఉంది. నేను తాడు మీద చెయ్యి వెయ్యబోయాను. వెయ్యలేకపోయాను. అందుకు సంజాయిషీ ఏమీ లేదు.

ఎంతసేపో నాకు తెలియదు. చివరికి బుగ్గలు ఒక కన్ను తెరిచి అటూ ఇటూ చూసింది. తెర ఇంకా పైనే ఉంది. ఇక లాభం లేదనుకుంది కాబోలు, లేచి కూర్చుంది. సభ గొల్లున నవ్వింది. పిల్ల నాలిక కరుచుకుని, లేచి నిలబడి, అందరికీ దండం పెట్టింది. అప్పుడు తెర దిగింది. చెయ్యి మార్చి చెయ్యి, ఎక్కడా కుదుపు లేకుండా.

న్యాయనిర్ణేతలు ముఖాలు చూసుకుని కాగితాలు మడిచారు. సంగీతం టీచరు వేదిక దాటి వచ్చేసింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. నన్ను దాటి నేరుగా ఆయన ముందు నిలబడింది.

"మూడు నెలల కష్టం! వందసార్లు చెప్పాను కదా మీకు, పిల్ల ఒరగగానే తెర దించమని! మీరు తాడు పట్టుకుని అలా చూస్తూ నిలబడితే ఎలాగండీ? చచ్చిపోయిన పిల్ల లేచి దండం పెడితే ఇంక నాటకమేముంది? ఎందుకు దించలేదు?"

ఆయన తాడుని కొక్కేనికి చుడుతూ, తల ఎత్తకుండా అన్నాడు:

"లేస్తుందేమోనని చూశానమ్మా."