తవ్వి చూడొద్దన్న పెద్దమ్మ

1988 జూన్ పన్నెండు, ఆదివారం. ఆ రోజు నా కంటబడిన మొదటి వింత మేము గిన్నెలు తోముకునే జాలారి పక్కనున్న కుండీలో ఉంది. చలికాలం నుంచి వట్టి మన్నుతో కూర్చున్న కుండీలోంచి బొటనవేలంత మొగ్గ ఒకటి రాత్రికి రాత్రి మన్ను తోసుకుని పైకి వచ్చింది. ఆకు లేదు, ఏమీ లేదు, ముందు మొగ్గే. అది మే పువ్వు. విచ్చుకుంటే ఎర్రటి బంతిలా ఉంటుంది, యేడాదికి ఒక్కసారే పూస్తుంది. ఈసారి మే దాటిపోయింది, ఇక రాదేమో అనుకున్నాను. మొహం కూడా కడుక్కోకుండా ఆ మాట చెప్పడానికి పక్కింటికి పరుగెత్తాను. ఆ గడ్డ నాకిచ్చింది పక్కింటి పెద్దమ్మే.

ఆమె వాకిట్లో అప్పటికే నలుగురైదుగురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. వాళ్లలో మా అమ్మ కూడా ఉంది. నన్ను చూసి, "పెద్దమ్మ పోయింది బిడ్డా. నిద్రల్నే పోయింది" అంది. మొగ్గ సంగతి చెబుదామని వచ్చినదాన్ని, వెళ్లి అమ్మ పక్కన కూర్చున్నాను.

ఆమె మాకు చుట్టం కాదు. మాకూ ఆమెకూ గోడ ఒక్కటే ఉమ్మడి. నేను పుట్టకముందే ఆమె భర్త చనిపోయాడట. ఉన్న ఒక్క కొడుకు కల్హేర్ దగ్గర వ్యవసాయం చేసుకుంటున్నాడు. రమ్మని ఎన్నిసార్లు పిలిచినా వెళ్లేది కాదు. "నేనొస్త సరే, ఈ డబ్బాలన్ని ఎట్ల తెస్తవు?" అనేది. డబ్బాలంటే డాల్డా డబ్బాలు, నూనె డబ్బాలు, అడుగు చిల్లిపడ్డ ఒక ఇత్తడి బిందె. వాటి నిండా గడ్డలే. మే పూలు, తెల్ల లిల్లీలు, వాన పడగానే గులాబి రంగులో లేచే చిన్న వాన లిల్లీలు. గింజ వేస్తే వచ్చే పూలు ఆమె వాకిట్లో ఒక్కటీ ఉండేవి కావు. "గింజ అందరికి కనవడి మొలుస్తది. గడ్డ అట్ల కాదు, దాని సంసారం అంత లోపల్నే" అనేది.

మా ఊరి నల్లరేగడి నీళ్లు పట్టిందంటే వదలదు, అందులో గడ్డ కుళ్లిపోతుంది. అందుకని ఆమె వాగు ఇసుకా, పొయ్యి బూడిదా కలిపి మన్ను తయారు చేసేది. నీళ్లు పోసే ముందు వేలు మన్నులోకి దించి చూసేది. తడి తగిలితే చెంబు పక్కన పెట్టి చాయ్ పెట్టుకునేది. సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగుతూ, గోడ మీదుగా నాకు హుకుములు జారీ చేసేది.

"గడ్డ మెడ మీద పొయ్యకు పోరీ! చుట్టు పొయ్యి. నీ మెడ మీద పోస్తే ఊకుంటవా?"

నాకు గడ్డ ఇచ్చిన మొదటి యేడు అది ఎంతకీ మొలవలేదు. ఓపిక పట్టలేక ఒకరోజు చెంచాతో మన్ను కదిలిద్దామని వంగాను. అప్పుడే గోడ మీద ఆమె తల కనిపించింది.

"గా చెంచ ఏంది చేతిల?"

"ఊకెనే పెద్దమ్మా. లోపల ఉన్నదా లేదా అని..."

"ఉన్నది. నేనే గదా పెట్టిన. నువ్వు పండుకున్నప్పుడు నేనొచ్చి దుప్పటి గుంజి, ఉన్నవా లేవా అని చూస్తనా?"

ఆమె నియమాల్లో పెద్దది అదే. ఎంత కాలమైనా సరే, తవ్వి చూడొద్దు. మే పువ్వు గడ్డను కదిలిస్తే ఆ యేడు అలిగి కూర్చుంటుంది, పూయదు. అందుకే గడ్డ నిద్రపోతున్న చోట మన్నులో గాజు ముక్కలు గుండ్రంగా గుచ్చేది. పగిలిన గాజులు దాచి ఆమెకివ్వడం మా గల్లీ ఆడపిల్లలందరికీ అలవాటు. మే పువ్వుకు ఎర్రవి, లిల్లీకి ఆకుపచ్చవి. వట్టి మన్నులో ఆ గాజుల వలయం కనిపించిందంటే లోపల ఎవరో పడుకున్నారని అర్థం.

నేను ఇంటర్లో చేరాక నాకు మాటల పిచ్చి పట్టింది. వృక్షశాస్త్రం పుస్తకంలో ఒక మాట దొరికితే గోడ దగ్గరికి పరుగెత్తాను. "పెద్దమ్మా, గడ్డ గిట్ల ఉండుడును సుప్తావస్థ అంటరు!" ఆమె రెండుసార్లు పలికి చూసింది, నోరు తిరగలేదు. "మంచిగనే ఉన్నది గని, పిలిచేటందుకు పొడుగైంది. పండుకున్నది అను, చాలు" అంది.

ఆమె ఎవరడిగినా గడ్డ ఇచ్చేది. ఒక్కటే షరతు, మరుసటి యేడు దాని పక్కన పుట్టిన పిల్లగడ్డ ఒకటి తెచ్చివ్వాలి. ఇదేం లెక్క అని మా అమ్మ నవ్వేది. ఒక యేడు వానలు ఆగకుండా కొట్టి, పెద్దమ్మ లిల్లీలన్నీ కుళ్లిపోయినప్పుడు ఆ లెక్క మాకు తెలిసింది. ఏడుస్తుందనుకున్నాం. ఆమె చాయ్ తాగి, గంప తీసుకుని, "పా, వసూలుకు పోదాం" అని నన్ను లేపింది. ఇల్లిల్లూ తిరిగాం. నాగల్‌గిద్ద వైపు నుంచి మా గల్లీకి కోడలిగా వచ్చినామె వాటిని కన్నడంలో సుగంధరాజ అంది. టైలర్ తాత ఉర్దూలో గుల్‌షబ్బో అన్నాడు. మా పుస్తకంలో నేలసంపెంగ అని ఉంది. ఒక్క పువ్వుకు ఇన్ని పేర్లా అని నేను దారి పొడుగునా మురిసిపోతుంటే పెద్దమ్మ, "పేర్లు నువ్వు ఏరుకో, గడ్డలు నేను ఏరుకుంట. బరువు మాత్రం నువ్వే మొయ్యాలె" అంది. ఇంటికొచ్చేసరికి గంప నిండింది. లిల్లీలో ఒకసారి పూసిన గడ్డ మళ్లీ పూయదని, దాని పిల్లలే పూస్తాయని ఆ రోజే చెప్పింది. చెప్పేటప్పుడు ఆమె మొహంలో దిగులేమీ లేదు. కూర బాగా కుదిరిందని చెప్పినట్టు చెప్పింది.

ఆమె పోయిన మూడోనాడు కొడుకు ఇల్లు కడిగించాడు. వచ్చేపోయేవాళ్ల కాళ్లకు గుచ్చుకుంటాయని ఎవరో గాజు ముక్కలన్నీ పీకి ఒక మూల పోశారు. సాయంత్రానికి డబ్బాలు ఎత్తుకుపోవడానికి బండి వచ్చింది. ఇల్లు కిరాయికిస్తున్నారట. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి అన్న, అంటే ఆమె కొడుకు, మొదటి డబ్బా మీద చేయి వేశాడు.

"అన్నా, గవి తియ్యకు. ఖాళీవి కావు."

"ఏమున్నది చెల్లె గీ డబ్బాలల్ల? మన్నే గదా. ఒక్క ఆకన్న లేదు."

"గడ్డలు పండుకున్నయి."

"అయితే ఒక్కటి తవ్వి చూపియ్యి. ఉంటే ఉంచుత."

తవ్వి చూపిస్తే డబ్బాలు నిలుస్తాయి, కానీ ఆమె జీవితమంతా వద్దన్న పని ఆమె వాకిట్లోనే చేసినట్టవుతుంది. మా ఇంటికి తీసుకుపోదామన్నా డబ్బాల అడుగులు తుప్పు పట్టి ఉన్నాయి, ఎత్తితే మన్నంతా జారిపోతుంది. నోటికొచ్చింది అనేశాను.

"అన్నా, నువ్వు చేన్ల కంది పెట్టినంక మొలిచిందా లేదా అని తవ్వి చూస్తవా?"

బండి మనిషి పకపకా నవ్వాడు. "మంచిగడిగింది పటేలా, చెప్పు మరి!"

"దీని నోరు అచ్చం మా అమ్మ నోరే" అన్నాడు అన్న, చేయి దులుపుకుంటూ. "సరే, దినాల దాక ఉండనీ. గప్పటికి ఒక్క మొలక కనవడకపోతే నన్ను అడగొద్దు. వాన పడితే నేను విత్తనాలకు పోవాలె, ఈడ కూసుంటే నడ్వది."

అప్పటి నుంచి రోజూ పొద్దున్నే గోడ దగ్గర నిలబడ్డాను. మా ఇంట్లో జాలారి తడికి నా మే పువ్వు మాత్రం పూర్తిగా విచ్చుకుంది. ఆమె డబ్బాల్లో ఏ కదలికా లేదు. మబ్బులు వచ్చి నాగల్‌గిద్ద వైపు వెళ్లిపోయేవి. ఒకరోజు నా చేతివేళ్లు కూడా మన్ను దాకా వెళ్లి ఆగాయి. పిలవకుండానే ఆమె గొంతు వినిపించింది. దుప్పటి గుంజకు అని.

రేపు దినాలు. ఇవాళ సాయంత్రం వాన పడింది. ఈ యేడు ఇదే మొదటి పెద్ద వాన. గోడ దగ్గర గొడుగు పట్టుకుని నిలబడి చూస్తున్నాను. చూరు నీళ్లు ధారగా ఒక డబ్బాలో పడుతున్నాయి. అంతలో అన్న నెత్తిన గోనెసంచి కప్పుకుని బయటికొచ్చాడు. డబ్బాలు లాగేస్తాడేమో అనుకున్నాను. అతను పాత పెంకు ఒకటి తెచ్చి, ధార పక్కకు పోయేటట్టు డబ్బా మీద ఏటవాలుగా నిలబెట్టాడు. నన్ను చూసి కొంచెం సిగ్గుపడ్డాడు.

"మెడ మీద పడొద్దని అమ్మ అంటుండె గదా."

"అవునన్నా."

"కిరాయోళ్లకు చెప్త, ఈ మూల ముట్టొద్దని. మొలిస్తే మొలుస్తయి, లేకుంటే లేదు. గా గాజులు ఏడున్నయి?"

అవి నా దగ్గరే ఉన్నాయి. మూలన పోసినప్పుడే ఏరుకొచ్చి, కడిగి, ఎర్రవి వేరుగా, ఆకుపచ్చవి వేరుగా రెండు గిన్నెల్లో పెట్టాను. ఏ డబ్బాలో ఎవరున్నారో నాకు తెలుసు. రేపు పొద్దున పాలాయన రాకముందే లేచి, గోడ దాటి, తడి మన్నులో ఒక్కొక్క ముక్కే గుచ్చి వస్తాను. లోపలున్నవాళ్లకు తెలియకుండా, మెల్లగా.