లాకులో సగం లేచిన పెళ్ళిపడవ

మా గోదావరి జిల్లాలో పెళ్ళిళ్ళు చెడగొట్టేవాళ్ళు రకరకాలు. ఆకాశరామన్న ఉత్తరాలు రాసేవాళ్ళున్నారు. జాతకంలో లేని దోషం వెతికి పట్టేవాళ్ళున్నారు. పప్పు చల్లారిందని విస్తరి ముందునుంచి లేచిపోయే మేనమామలున్నారు. పెళ్ళికొడుకుని తల్లితో, పురోహితుడితో, అరిసెల బుట్టలతో సహా నిండు కాలవలో, మిట్టమధ్యాహ్నం, నాలుగు గోడల మధ్య బంధించి ముహూర్తం తప్పించబోయినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఈ ఘనత తమదని ఇంకెవరైనా అంటే నమ్మకండి. కోతలు కోస్తున్నారన్నమాట.

అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. రాజమండ్రిలో ఒక హైస్కూల్లో లెక్కలూ, ప్రకృతిశాస్త్రమూ చెప్పేవాణ్ణి. వేసవి సెలవలకు నాలుగు రోజుల ముందు ఇన్‌స్పెక్టరుగారు తనిఖీకి వచ్చారు. నేను ఆ పూట నాగలి గురించి గొంతు చించుకుని పాఠం చెబుతున్నాను. ఆయన కాసేపు విని అడిగారు.

"మాస్టరుగారూ, మీరెప్పుడైనా నాగలి పట్టారా?"

"లేదండి."

"పోనీ, దగ్గరగా చూశారా?"

"పుస్తకంలో బొమ్మ చాలా స్పష్టంగా ఉందండి" అన్నాను.

క్లాసు గొల్లుమంది. ఆయన నవ్వలేదు. "ఈ సెలవల్లో పుస్తకం మూసి బయటికి వెళ్ళండి. చేత్తో పట్టి, చేసి, నేర్చుకుని రండి. బడి తెరిచాక వచ్చి అడుగుతాను" అన్నారు.

నాకు రోషం ఎక్కువ. చేసి చూపించాల్సిందేనని పంతం పట్టాను. మొదటి వారం కుమ్మరి సారె దగ్గర కూచుని, మూడు రోజులు తంటాలు పడి ఒక వస్తువు తయారుచేశాను. కుమ్మరి దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇదేంటండీ?" అన్నాడు. "కుండ" అన్నాను. "అలాగేనండి" అన్నాడు పాపం. ఆ "అలాగేనండి"లో ఉన్నంత జాలి నేను మా అమ్మ గొంతులో కూడా వినలేదు. రెండో వారం నాగలి పట్టాను. పట్టి నిమిషమైనా కాలేదు, ఎడ్లు నాగలిని తీసుకుని వాటి ఇంటికి అవి వెళ్ళిపోయాయి. అప్పుడు గుర్తొచ్చాడు మా బావ.

మా అక్క మొగుడు కాకినాడ కాలవ మీద ఒక లాకుకి సూపర్నెంటు. ఏ లాకో చెప్పను. అక్కడివాళ్ళకి నన్ను చూస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ రోజుల్లో ఇప్పటిలా బస్సులవీ లేవు కదా, జనం, ధాన్యం, కొబ్బరికాయలు, పెళ్ళివారు, అన్నీ కాలవల్లో పడవల మీదే. గట్టున మనుషులు తాడు పట్టి లాగుతుంటే పడవ నడుస్తుంది. అయితే ఎగువ కాలవ ఎత్తులో ఉంటుంది, దిగువ కాలవ పల్లంలో ఉంటుంది. పడవ మెట్లెక్కలేదు కాబట్టి దాన్ని ఎక్కించడానికి లాకు కట్టారు.

ఇక్కడ చదువరులు కాస్త ఓపిక పట్టాలి. పాఠం చెప్పకపోతే నాకు తోచదు. లాకంటే పొడుగాటి రాతి గది. ఎగువన ఒక జత తలుపులు, దిగువన ఒక జత తలుపులు. తలుపుల అడుగున నీళ్ళలో చిన్న తూములుంటాయి, గట్టుమీద ఇనుప చక్రం తిప్పితే తెరుచుకుంటాయి. కిందనుంచి పడవ గదిలోకి రాగానే దిగువ తలుపులు మూసేసి, ఎగువ తూము తెరుస్తారు. గది నిండుతుంది, నీటితోపాటు పడవా లేస్తుంది, పై కాలవతో సమానమవగానే ఎగువ తలుపులు తెరిచి పంపించేస్తారు. పైనుంచి వచ్చే పడవని దించాలంటే దిగువ తూము తెరిచి గది ఖాళీ చేస్తారు. అంతే. ఇంత తేలికైన విషయాన్ని కూడా కంగాళీ చెయ్యగలిగానంటే నా ప్రతిభ మీరే ఊహించుకోవచ్చు.

మూడు రోజులు బావ పక్కన నిలబడి అన్నీ చూశాను. కాయితం మీద బొమ్మ గీసుకున్నాను, బాణం గుర్తులు వేసుకున్నాను. నాలుగోనాడు బావకి ధవళేశ్వరం కచేరీ నుంచి పిలుపొచ్చింది. ఇంకో వారంలో మరమ్మతులకు కాలవలు కట్టేస్తారు, ఆ సంగతులేవో మాట్లాడాలిట. వెళ్తూ వెళ్తూ, "పోలయ్య ఉన్నాడు, వాడు చూసుకుంటాడు. నువ్వు చక్రం జోలికి వెళ్ళకోయ్" అన్నాడు.

పోలయ్య లస్కరు. ఇరవై ఏళ్ళుగా ఆ తలుపులు తీస్తూ, మూస్తూ ఉన్నవాడు. ఆ ఉదయం ఎగువనుంచి ఒక ధాన్యం పడవ వచ్చింది. నేను వాణ్ణి బతిమాలి దిగువ చక్రం నా చేత్తో తిప్పాను. నీళ్ళు బుసబుసమంటూ పోయాయి. పడవ చక్కగా దిగింది, వెళ్ళిపోయింది. ఇంక చూడండి నా ఛాతీ! పంచె ఎగ్గట్టి, తలపాగా బిగించి, మీసం మీద చెయ్యి వేశాను.

"పోలయ్యా, నువ్వెళ్ళి అన్నం తినిరా. నేనున్నాగా."

"వద్దండి బాబూ. సూపర్నెంటుగారు ఇంటే నన్ను కాలవలో ముంచేత్తారండి."

"ఒరేయ్, నేను వందమంది పిల్లల్ని ఆడించేవాణ్ణి. రెండు తలుపులు ఆడించలేనా?"

వాడు బుర్ర గోక్కుంటూ వెళ్ళాడు. వాడటు వెళ్ళాడో లేదో, దిగువనుంచి సన్నాయి వినిపించింది. గూటిపడవ, పడవకి మావిడి తోరణాలు. మగపెళ్ళివారు! పెద్దమనుషులంతా బళ్ళమీద ముందే వెళ్ళిపోయారుట. పడవలో పెళ్ళికొడుకు, తల్లి, పురోహితుడు, నలుగురు ఆడవాళ్ళు, సన్నాయివాళ్ళు ఉన్నారు. ఎగువన మైలు దూరంలో ఆడపెళ్ళివారి ఊరు.

పడవ గదిలోకి వచ్చింది. తాడు లాగేవాళ్ళ సాయంతో దిగువ తలుపులు మూయించాను. ఎగువ చక్రం తిప్పాను. నీళ్ళు దూకాయి. ఊరుకోవచ్చుగా? గట్టుమీద నిలబడి పడవలోవాళ్ళకి పాఠం మొదలెట్టాను.

"చూడండమ్మా, నీటికి సహజంగా సమానమయ్యే గుణం ఉంది. ఇప్పుడు మీరు మీ ప్రయత్నం లేకుండానే పైకి వచ్చేస్తారు."

వచ్చారు. సగం దాకా వచ్చారు. అక్కడ ఆగిపోయారు. పైనుంచి నీళ్ళు హోరున దూకుతూనే ఉన్నాయి, పడవ మాత్రం మేకు కొట్టినట్టు అక్కడే ఉంది.

పెళ్ళికొడుకు తల్లి భారీ మనిషి, గొంతూ భారీయే. "ఏవయ్యా పంతులూ, ఆగిపోయిందేంటి?" అంది.

"ఏం లేదండి. నీళ్ళు కాస్త ఊపిరి తీసుకుంటున్నాయండి."

"నీళ్ళకి ఊపిరేంటయ్యా?"

"శాస్త్రంలో అలాగే ఉందండి."

చక్రం ఇంకా తిప్పబోయాను. అది అప్పటికే మొత్తం తిరిగిపోయి ఉంది. బొమ్మ గీసుకున్న కాయితం తీసి చూశాను. బాణాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. నా వీపు మీద చెమట కాలవ కట్టింది.

పురోహితుడు చెయ్యి అడ్డం పెట్టుకుని సూర్యుణ్ణి చూశాడు. "అమ్మగారూ, లగ్నానికి ఇంక రెండు గడియలేనండి. ఇక్కణ్ణించి ఊరు చేరడానికే గడియ పైన పడుతుంది."

నా బుర్రలో శాస్త్రం ఒక్కసారిగా పొంగింది. "కారణం తెలిసిందండి! పడవలో బరువెక్కువైంది. కాస్త బరువు తగ్గిస్తే లేస్తుందండి" అన్నాను. అని, ఖర్మ కాలి, ఆవిడ వైపు చూశాను.

"ఎవర్ని చూసి అంటున్నావయ్యా ఆ మాట?"

"అయ్యయ్యో, అరిసెల బుట్టల గురించండి!"

"అరిసెల బరువుకి కాలవ ఆగిపోద్దా?"

"అమ్మగారూ, శాస్త్రం అంటున్నారు కదండీ..." అని పురోహితుడు సర్దబోయాడు.

"మీరూరుకోండి. ఆయన కళ్ళు అరిసెల మీద లేవు, నా మీదే ఉన్నాయి!"

మొత్తానికి తాడు కట్టి అరిసెల బుట్టలు పైకి లాగాం. పడవ వెంట్రుకవాసి కూడా లేవలేదు. సన్నాయివాళ్ళ డోలు లాగాం. లేవలేదు. పురోహితుడు ఎగువ తలుపుకి దణ్ణం పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. కాయ బాగానే పగిలింది గానీ పడవ అక్కడే ఉంది.

గోడకి ఇనుప మెట్లున్నాయి, పడవ కళాసులు ఎక్కడానికి. "పోనీ వీటి మీదుగా..." అని నసిగాను.

"కల్యాణతిలకం దిద్ది, బుగ్గచుక్క పెట్టి, నా కొడుకుని కోతిలా గోడెక్కించి పెళ్ళికి పంపమంటావా?" అని గదమాయించింది ఆవిడ. ఆ మాట అంటూనే పడవ అంచున చతికిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఒక్కగానొక్క కొడుకయ్యా. ఈ ముహూర్తం దాటితే మూఢం వచ్చేస్తుంది. మూడు నెలలు పెళ్ళి లేదు. అక్కడ పిల్లని పీటల మీద కూచోబెట్టేసుంటారు. వాళ్ళకేం చెప్పను? మీ అల్లుడు గోతిలో ఉన్నాడని చెప్పనా?"

నిజం చెబుతున్నాను, అంతదాకా నాకు పరువు గురించే దిగులు. ఆవిడ కన్నీళ్ళు చూసేసరికి మాత్రం పరువు మాట మర్చిపోయాను. ఆ పీటల మీద కూచున్న పిల్ల, నేను మొహం కూడా ఎరగని పిల్ల, నా చక్రం సరదాకి బలైపోతోందనుకుంటే ఏడుపొచ్చింది. అటు పోలయ్య జాడ లేదు. వాడి అన్నం ఎప్పటికవుతుందో తెలీదు.

సరిగ్గా అప్పుడు పడవలోంచి ఒక వేలు లేచింది. చూపుడువేలు. క్లాసులో పిల్లలు లేపినట్టు, భయం భయంగా, భుజం దాకా. ఆ వేలు పెళ్ళికొడుకుది.

"సార్... ఒక మాట చెప్పమంటారాండీ?"

అప్పటిదాకా బాసికం చాటున తలొంచుకుని కూచున్న ఆ మొహాన్ని నేను సరిగా చూడనేలేదు. "ఎవరు నాయనా నువ్వు?" అన్నాను.

"నేనండీ, సూర్యనారాయణని. అయిదేళ్ళ కిందట ఫోర్తు ఫారమండి. రెండో బెంచీలో గోడవారగా కూచునేవాణ్ణండి."

"ఒరేయ్, నువ్వా! ఇంతవాడివయ్యావా! ఏంట్రా చెప్పు."

"ఇది తొట్టి లెక్కండి."

"ఏ తొట్టి?"

వాడు చేతులు కట్టుకుని నించుని అప్పజెప్పాడు. "ఒక తొట్టికి రెండు గొట్టాలు కలవు. పై గొట్టము మూడు గంటలలో తొట్టిని నింపును. కింది గొట్టము నాలుగు గంటలలో ఖాళీ చేయును. రెండునూ ఒకేసారి తెరచిన తొట్టి ఎంతసేపటిలో నిండును?"

"పన్నెండు గంటల్రా" అన్నాను. నిద్రలో లేపి అడిగినా చెబుతాను కదా.

"అవునండి. మరి రెండు గొట్టాలూ సమానమైతేనండీ?"

మెల్లిగా తల తిప్పి దిగువ చక్రం వైపు చూశాను. పొద్దున్న ధాన్యం పడవని దించడానికి నా చేతులతో తెరిచిన దిగువ తూము, తెరిచింది తెరిచినట్టే ఉంది. పైనుంచి ఎంత వస్తోందో కిందనుంచి అంతా పోతోంది. అరగంటగా నేను ఎగువ కాలవని దిగువ కాలవలోకి పోస్తున్నాను.

"ఒరేయ్, ఇది నీకెప్పుడు తోచింది?"

"పడవ ఆగినప్పుడేనండి."

"మరి చెప్పవేంరా!"

వాడు కాలి బొటనవేలితో బల్ల గీరాడు. "అప్పుడు క్లాసులో అడిగానండి. రెండు గొట్టాలూ ఒకేసారి తెరిచిపెట్టే తెలివితక్కువవాడు ఎక్కడైనా ఉంటాడాండీ అని. మీరు గంటసేపు బెంచీ ఎక్కించారండి. మళ్ళీ ఎక్కిస్తారేమోనని..."

వాళ్ళమ్మ కళ్ళు తుడుచుకోవడం ఆపేసింది. "తెలిసి తెలిసి నోరు మూసుక్కూచున్నావురా? నీ పెళ్ళిరా అది!"

"మాస్టారు కదమ్మా!" అన్నాడు వాడు.

నేను పరుగెత్తాను. తలపాగా ఊడి కాలవలో పడింది, చూసుకోలేదు. దిగువ చక్రం బిగించాను. మరుక్షణం పడవ కదిలింది, ఉయ్యాల ఊపినట్టు పైకి లేస్తూ వచ్చింది. అదే సమయానికి పోలయ్య మూతి తుడుచుకుంటూ వచ్చాడు. దిగువకి చూసి బుగ్గలు నొక్కుకున్నాడు. "పంతులుగారండీ, ఏసంకాలంలో కింద కాలవ ఇంత నిండుగా ఉండగా నేనెప్పుడూ సూళ్ళేదండి!"

నీళ్ళు సమానమవగానే ఇద్దరం కలిసి ఎగువ తలుపులు తోశాం. పడవ నా పక్కకి వచ్చేసరికి పెళ్ళికొడుకు చెయ్యి చాచి, "ఎక్కండి మాస్టారూ" అన్నాడు.

బెంచీ ఎక్కమంటున్నాడేమో అనుకున్నాను, న్యాయమే అనుకున్నాను. "పెళ్ళికండీ!" అన్నాడు వాడు నవ్వాపుకుంటూ. ఎక్కాను. అరిసెల బుట్టలు మళ్ళీ లోపలికి చేరాయి, డోలు చేరింది, కూచోడానికి చోటు లేదు. పడవ అంచున ఒక బల్ల మాత్రం ఉంది. మైలు దూరమూ దానిమీద నించునే వెళ్ళాను. గట్టున జనం ఎవరీ పెద్దమనిషి అని చూస్తుంటే, చేతులు వాటంతట అవే కట్టుకున్నాయి.

తాడు లాగేవాళ్ళకి దణ్ణం పెట్టాలి, పడవని ఉరికించారు. రేవులో దిగి పందిటికి పరుగెడుతూనే పురోహితుడు మంత్రాలు మొదలెట్టాడు. సరిగ్గా లగ్నానికి జీలకర్రా బెల్లం పడ్డాయి. భోజనాల దగ్గర పెళ్ళికొడుకు తల్లి స్వయంగా వచ్చి నా విస్తట్లో నాలుగు అరిసెలు వేసింది. "తినండి పంతులుగారూ, బుట్ట బరువు తగ్గుద్ది" అంది. పంక్తి పంక్తంతా పడీ పడీ నవ్వింది. నాలుగూ తిన్నాను. వేరే దారేదీ?

కాబట్టి, గోదావరికి ఉత్తరదిగ్భాగంలో, శుభతిథిలో, స్నానం చేసి తూర్పుముఖంగా కూచుని నేను చేస్తున్న ప్రతిజ్ఞ ఏమనగా: ఈ జన్మలో ఏ లాకు చక్రమూ ముట్టను. పెళ్ళిపడవ వస్తోందంటే గట్టు దిగి పొలాలకి అడ్డంపడి పోతాను. తొట్టి లెక్క మాత్రం మానను, పరీక్షలో వస్తుంది. కానీ రెండు గొట్టాలూ ఒకేసారి తెరిచే తెలివితక్కువవాడు ఎక్కడుంటాడండీ అని ఏ కుర్రాడైనా లేచి అడిగితే, వాణ్ణి బెంచీ ఎక్కించను. సుద్దముక్క పక్కన పెట్టి, గొంతు సవరించుకుని, "నేనేరా నాయనా, కూచో" అంటాను.