కొత్త సెక్షన్

మా ఇంట్లో గడియారం కంటే ఫోనుదే పెత్తనం. నాన్న గూడ్సు రైళ్ల డ్రైవరు. బిలాస్‌పూర్‌లో డ్రైవర్లకు డ్యూటీలు పంచే ఆఫీసును లాబీ అంటారు. అక్కడి నుంచి పిలుపు వస్తే రెండు గంటల్లో ఆయన ఇంజను దగ్గర ఉండాలి. ఆ పిలుపు పొద్దున్నే రావచ్చు, కంచాల ముందు కూర్చున్నాక రావచ్చు. పలాస నుంచి పెళ్లై వచ్చిన కొత్తలో ఆ ఫోను మోగితే అమ్మ ఉలిక్కిపడేదట. కొన్నేళ్లు గడిచాక, మోగకపోతే ఉలిక్కిపడటం మొదలైంది.

నేను బిలాస్‌పూర్ పక్కనే ఉన్న కోని యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం డిగ్రీ పూర్తిచేసిన వేసవిలో ఆ ఫోను మోగటం మానేసింది. నాన్న యూనిఫాం వేసుకుని తొమ్మిదింటికి బయల్దేరి ఆరింటికల్లా ఇంటికి వచ్చేస్తున్నాడు. ఆదివారం ఇంట్లోనే ఉంటున్నాడు. గూడ్సు డ్రైవరుకు ప్రతి ఆదివారం సెలవు దొరకదని మా క్వార్టర్ల వీధిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

మూడో ఆదివారం అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది.

"మెడికల్‌లో కన్ను ఫెయిలయినట్టున్నాడు మీ నాన్న," అంది. "గ్లాసులో పొయ్యాల్సిన నీళ్లు పక్కన పోసేస్తన్నాడు. నాకు తెలీదేటి? ఆయనే సెప్పేదాకా మనం అడగొద్దు."

అమ్మ ఊహ నిజమే. డ్రైవర్లకు కొన్నేళ్లకోసారి జరిగే పరీక్షలో కుడి కన్ను దెబ్బతిందని తేలింది. ఇంక ఇంజను ఎక్కనివ్వరు. జీతం ఆగదు, ఉద్యోగం పోదు. లాబీలోనే బల్ల ముందు కూర్చునే పని ఇచ్చారు. ఇవన్నీ మాకు తరవాత తెలిసిన సంగతులు. అప్పటికి మాత్రం ఆయన రోజూ డ్యూటీ కబుర్లు చెప్పేవాడు. ఫలానా చోట సిగ్నల్ ఇవ్వలేదు, ఫలానా చోట వాన. మేము ఊఁ కొట్టేవాళ్లం. ఆరు వారాలు అలా గడిచాయి. అబద్ధం చెబుతున్నందుకు ఆయన మీద నాకు కోపం రాలేదు. వింటూ కూర్చున్నందుకు నా మీద నాకే ఏదోలా ఉండేది.

ఆ రోజుల్లోనే జర్మనీ నుంచి మెయిలు వచ్చింది. బొగ్గు గనులు మూసేశాక ఆ గోతుల్లో నిండే నీళ్ల మీద అక్కడ ఒక ఎమ్మెస్సీ ఉంది. కోర్బా వైపు పాత గనులు చూసి వచ్చినప్పటి నుంచి నాకు అదే ధ్యాస. ఎలాగూ రాదనుకుంటూ దరఖాస్తు పెట్టాను. సీటొచ్చింది. అక్టోబరులో చేరాలి.

నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఐదో రోజు సాయంత్రం ముగ్గురం అన్నం తింటుండగా, సీటొచ్చిందని, కానీ వచ్చే ఏడాదికి వాయిదా వేయమని అడుగుతానని చెప్పాను. ఎందుకని నాన్న అడిగాడు. ముందే అనుకున్న కారణాలు ఒకటి రెండు చెప్పాను. అవి నాకే అతకలేదు.

అమ్మ మజ్జిగ గిన్నె కింద పెట్టి, "మీ కన్ను సంగతి మాకు తెలుసు," అంది.

నాన్న కలిపిన ముద్ద అలాగే పట్టుకుని కూర్చున్నాడు. ఎప్పటి నుంచని అడిగాడు. మొదటి నెల నుంచీ అంది అమ్మ.

"అచ్ఛా," అన్నాడు నాన్న. "మరి ఇన్నాళ్లూ నేనెవరికి దాస్తన్నాను?"

తనలో తనే కొంచెం నవ్వి ఆ ముద్ద తిన్నాడు. తరవాత నా వైపు తిరిగాడు.

"నువ్వాగిపోతే నా కన్నొచ్చేస్తాదేటి?"

రాదన్నాను.

"మరేటి. వెళ్లు."

ఆ మాట వినగానే గుండె తేలికైంది. అంత త్వరగా తేలికైనందుకు సిగ్గు కూడా వేసింది. చెయ్యి కడుక్కునే వంకతో పెరట్లోకి వెళ్లి కాసేపు నిలబడ్డాను.

విమానం ఢిల్లీ నుంచి. ఢిల్లీ దాకా నాన్న వస్తానన్నాడు. అమ్మ బిలాస్‌పూర్ ప్లాట్‌ఫారం మీదే ఆగిపోయింది. కిటికీ దగ్గరికి వచ్చి, "దిగ్గానే ఫోను సెయ్యకు. మొహం కడుక్కుని, ఏదోటి తిని అప్పుడు సెయ్యి. ఆకలి గొంతు నేను వినలేను," అని ఒకటే మాట చెప్పింది. రైలు కదిలాక మాతో నాలుగడుగులు నడిచి, ఇంక చాలన్నట్టు ఆగి, వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

నాన్నతో కలిసి ప్రయాణికురాలిగా రైలెక్కడం నాకు గుర్తున్నంతలో రెండోసారో మూడోసారో. ఆయనకు బోగీలో కూర్చోవటం చేతకాదు. బ్రేకు పడ్డప్పుడల్లా కుడి చెయ్యి కదిలేది. ఖోంగ్‌సరా స్టేషన్ దాటాక అడవి, ఎక్కుడు మొదలయ్యాయి. ఇరవై రెండేళ్లు ఆయన బొగ్గు రైళ్లు నడిపిన దారి అది. ఇంట్లో డ్యూటీ గురించి ఒకటి రెండు మాటలతో సరిపెట్టే మనిషి ఆ గంటంతా ఆపకుండా మాట్లాడాడు. ఇక్కడ వెనక నుంచి ఇంకో ఇంజను తోస్తే గానీ గూడ్సు ఎక్కదు, ఇక్కడ వానాకాలం పట్టాలు జారతాయి, ఈ వంపు తిరిగాక ఒకసారి ఎలుగుబంటి కూర్చుని ఉంది, ఎంత హారన్ కొట్టినా లేవలేదు. భన్వర్‌టోంక్ సొరంగం రాబోతోందని ముందే చెప్పాడు. వేళ్లు మడిచి లెక్కపెట్టాడు, ఏడో వేలు దగ్గర చీకటి పడింది.

సొరంగం దాటాక, "ఎడమ పక్క గేటు గది వస్తాది, దాని ముందర పెద్ద సాలు చెట్టు, సూడు," అన్నాడు. గేటు గది వచ్చింది. చెట్టు లేదు. కొట్టేసి ఎన్నో రోజులైనట్టు లేదు, మోడు ఇంకా ఎర్రగానే ఉంది. నాన్న దాని వైపే చూస్తున్నాడు.

"సూసినావా?" అన్నాడు.

లేని చెట్టును చూశానన్నాను.

పెండ్రా రోడ్ స్టేషన్‌లో టీ తాగాం. అప్పుడు కళ్లు మూసుకుని వెనక్కి వాలాడు. నిద్రపోలేదు.

జర్మనీలో మొదటి వారం ఏమీ జరగలేదనే చెప్పాలి. ఒక గది, దాని కిటికీలోంచి ఒక గోడ, కాగితాల పనులు. రెండో వారం తరగతులు మొదలయ్యే రోజున నేను ఎక్కాల్సిన ట్రామ్ ఎక్కాను గానీ, ఎదురు దిశలో వెళ్లేది ఎక్కాను. ఊరి చివర పొలాల దగ్గర అందరూ దిగిపోయారు. డ్రైవరు వచ్చి ఏదో చెప్పింది. నేను నేర్చుకున్న నాలుగు ముక్కల జర్మనులో అది లేదు. దిగాను. మొదటి తరగతి పోయింది. అక్కడి బెంచీ మీద కూర్చుని నాన్నకు ఫోన్ చేశాను. లాబీలో ఉన్నాడు, వెనక ఎవరో హిందీలో రైలు నంబర్లు చదువుతున్నారు. ఈ ఊరు నాకు అర్థం కావటం లేదని, తప్పు చేశానేమోనని చెప్పాను.

ఆయన ఓదార్చలేదు.

"నిన్ను లర్నింగ్ లేకుండా పంపేసినాం, అదీ తప్పు," అన్నాడు. "కొత్త సెక్షన్, మేం ఎప్పుడూ నడపని లైను అంటే, మమ్మల్ని తిన్నగా బండి పట్టుకోనివ్వరు బేటా. ముందు వేరే డ్రైవర్ పక్కన నిలబడి సూడాల. మొదట పగలు, తరవాత సీకట్లో. మూడు ట్రిప్పులయ్యాక, నాకు రోడ్డు తెలిసింది అని సంతకం పెట్టాల. తెలీకపోతే పెట్టకూడదు. అందులో నామోషీ లేదు."

ఆ శనివారం ఒక నోటుబుక్కు తీసుకుని ట్రామ్‌లో డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాను. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా. బేకరీ, వంతెన, బడి, ఎర్ర ఇటుకల చర్చి. సాయంత్రం నాన్నకు చదివి వినిపించాను. వంతెన ముందు ఎక్కుడుందా అని అడిగాడు. తెలియదన్నాను. మరైతే ఏం చూశావన్నాడు. మర్నాడు మళ్లీ వెళ్లాను. ఎక్కుడుంది. అక్కడ డ్రైవర్లు నెమ్మదిస్తారు, ఎందుకంటే వంతెన దిగగానే బడి పిల్లలు దాటే చోటు. మూడోసారి చీకటి పడ్డాక వెళ్లాను. నవంబరు కావస్తోంది కాబట్టి ఐదింటికే చీకటి. పగలు గుర్తులుగా రాసుకున్నవి సగం కనిపించలేదు. దుకాణాల దీపాలు చూసి కొత్తవి రాసుకున్నాను. దిగేటప్పుడు డ్రైవరు, మొన్నటావిడే, నవ్వి ఏదో అడిగింది. నేర్చుకుంటున్నాను అని జర్మనులో చెప్పాను. ఆ ఊళ్లో తడుముకోకుండా నేను చెప్పిన మొదటి వాక్యం అది.

తరగతిలో కూడా అలాగే చేశాను. మొదటి నెల నోరు విప్పలేదు, చూశాను. ఎవరు ఎప్పుడు ప్రశ్న అడుగుతారు, ప్రొఫెసరు ఎక్కడ ఆగుతారు. డిసెంబరులో గనుల పటం మీద పది నిమిషాలు మాట్లాడాల్సి వచ్చినప్పుడు రెండు చోట్ల మాట తడబడింది గానీ దారి తెలుస్తూనే ఉంది. ఇప్పుడు రెండో ఏడాదిలో ఉన్నాను. నీళ్లు నిండిన ఒక పాత గని ఒడ్డున వారానికి రెండు రోజులు పరీక్ష కోసం సీసాలు నింపుకుంటూ తిరుగుతాను.

నాన్న బల్ల పని కొంత మారింది. కొత్తగా చేరిన అసిస్టెంట్ డ్రైవర్లు, ఆయన ఇరవై రెండేళ్లు నడిపిన ఆ కట్నీ సెక్షన్ గురించి అడగటానికి ఆయన దగ్గరికి వస్తున్నారట. కాగితం మీద ఎక్కుడు దిగుడు గీసి చూపిస్తాడట. కుడి కన్ను అలాగే ఉంది. ఎడమది బాగానే ఉందని డాక్టరు చెప్పారు, అయితే స్కూటరు నడపొద్దన్నారు.

అందుకని అమ్మ నేర్చుకుంది. రోజూ పొద్దున్న రైల్వే మైదానంలో, నాన్న వెనక క్యారియరు పట్టుకుని పరిగెడుతుంటే, నలభై ఏడేళ్ల వయసులో. నాకు చెప్పకుండా నేర్చుకుని, ఒకరోజు వీడియోలో చూపించింది. తోర్వా రోడ్డు రద్దీలో కూడా నడుపుతోందట. వెనక కూర్చున్నంతసేపు నాన్న నోరెత్తకూడదని షరతు పెట్టింది, బ్రేకు గురించి అసలే ఎత్తకూడదు. పోయిన ఆదివారం ఇద్దరూ నెహ్రూ నగర్ దాకా వెళ్లి వచ్చారట. ఏం పని పడిందని అడిగాను. పనేమీ లేదట, ఊరికే వెళ్లారట.