కోపమొస్తే పడుకోవాలె

మా బొగ్గుబాయిల బొగ్గు టబ్బులు నూకేటోల్లల్ల నా అంత నోరున్నోడు ఇంకోడు లేకుండె. గొప్పకు చెప్తలేను, మా షిఫ్టు పని చూసే ఓవర్‌మన్ నా ముఖం మీదనే అనేటోడు. ఇంట్ల ఉర్దూ, బాయిల తెలుగు, తిట్టేటప్పుడు మాత్రం రెండూ. ఒక భాషల మునిగి ఇంకో భాషల తేలేటోన్ని. ఐదు పూటల నమాజు ఎన్నడు తప్పలే. ఆ ఐదు పూటల నడుమ ఏం చేస్తుంటినో అల్లాకు ఎర్క, మా క్వార్టర్ల లైనుకు ఎర్క.

రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేండ్లు అయితుండె. నాకు నలభై రెండేండ్లు. గోదావరిఖనిల మా క్వార్టర్ గోడకు ఆనుకొని ఉన్న క్వార్టర్ల ఒక టీచరక్క, ఆమె పెనిమిటి ఉండేటోల్లు. క్రైస్తవులు. ఆయన బాయి మీద ఎలక్ట్రీషియన్. ఆ ఏడు బెల్లంపల్లికెల్లి టీచరక్క నాయిన వచ్చి వాళ్ల దగ్గరనే ఉండవట్టిండు. జీవితమంత బాయిల చేసి రిటైరైన మనిషి. పొద్దుగాల బయట కుర్చీ ఏసుకొని కూసుండేటోడు, కూసుండి దగ్గేటోడు. అది మామూలు దగ్గు కాదు. లోపట ఇంకా ఏదో బొగ్గు మిగిలిపోయింది, అది తవ్వి తియ్యకుంటె డ్యూటీ అయిపోదు అన్నట్టు దగ్గేటోడు.

నేను రాత్రి షిఫ్టు చేసి పొద్దుగాల వచ్చి పండుకునేటోన్ని. ఒకనాడు నిద్ర పట్టక, పట్టక, లుంగీ ఎగగట్టుకొని బయటికి ఉరికిన.

"ఓ కాకా! నీ దగ్గుకు నా తలకాయ పలుగుతుంది. గింత దగ్గు దగ్గాలంటె బెల్లంపల్లికి పోయి దగ్గు!"

ముసలాయన నన్ను చూసిండు. లేచి, కుర్చీ మడతపెట్టి లోపటికి పోయిండు. టీచరక్క బడిల ఉండె. చుట్టుపక్కల ఆడోల్లంత నీళ్ల బిందెలు పట్టుకొని నన్నే చూస్తుండ్రి.

తెల్లారి నుంచి దగ్గు బంద్. నేను లోలోపల ఎంత మురిసిననో చెప్పరాదు. దవాఖానల పెద్ద పెద్ద డాక్టర్లకు లొంగని రోగం, నా ఒక్క కేకకు పోయింది అనుకున్న. మా ఆమెతోని గూడ అన్న. ఆమె రొట్టెల గిన్నె నా ముందల టప్పున పెట్టింది.

"నీ నమాజు మజీదుల ఉంటది. నీ నోరు ఇంటికొస్తది" అన్నది. "పోయి మౌల్సాబ్‌ను కలువు. కలిసేదాక నాతోని మాట్లాడకు."

మొదటి మూడు రోజులు హాయిగనే ఉండె. నాలుగోనాటికి కూరల ఉప్పు తక్కువైందని చెప్పనీకి గూడ మనిషి లేక పరేషానైంది. వారం తిరిగి శుక్రవారం జుమ్మా నమాజు వచ్చేవరకు మజీదుల అందరు పోయినంక మౌల్సాబ్ ముందల కూసున్న.

మౌల్సాబ్‌కు ముప్ఫై ఏండ్లు గూడ ఉండయి. గడ్డం ఇంకా సగం సగం వచ్చింది. గీయనేం చెప్తడు అనుకుంట చెప్పిన, నాకు కోపం జర ఎక్కువని. దగ్గు ముచ్చట మాత్రం చెప్పలే. రోగమంత డాక్టరుకు చెప్పేటోడు ఎవడున్నడు?

"మన ప్రవక్త దీనికి ఉపాయం చెప్పిండ్రు" అన్నడు మౌల్సాబ్. "కోపమొస్తె నోరు మూసుకోవాలె. నిలబడి ఉంటె కూసోవాలె. అప్పటికి గూడ పోకుంటె పడుకోవాలె. నమాజుకు ముందు కడుక్కున్నట్టు ముఖం, కాళ్లు చేతులు కడిగి వజూ చేసుకోవాలె. నిప్పును నీళ్లే కదా ఆర్పేది?"

"గంతేనా?"

"గంతే. గని చెయ్యాలె."

"అప్పటికి గూడ పోకుంటె?"

"మీరు ముందు కూసునుడైతె మొదలుపెట్టుండ్రి" అన్నడు.

మొదలుపెట్టిన. నేను ఏది చేసినా సగం చెయ్య. గ్యాసు బండల లైనుల ఒకడు నన్ను దాటి ముందల జొచ్చిండు. నాలిక మీదికి నాలుగు మాటలు వచ్చినయి. నోరు గట్టిగ మూసుకొని, ఉన్నకాన్నే మట్టిల చతికిలవడ్డ. పండ్లు కొరుకుతున్న, ముఖం ఎర్రగైంది, ఊపిరి బుసబుస. అంతల ఒకామె "అయ్యో, భాయ్‌కి ఫిట్సొచ్చినయి" అని మొత్తుకుంది. ఎవడో వచ్చి నా చేతుల తాళపుచెవుల గుత్తి పెట్టి గట్టిగ పట్టిండు. ఇంకోడు చెప్పు తెచ్చి ముక్కు దగ్గర పెట్టిండు. ఫిట్సు కాదని చెప్దామంటె నోరు తెరిస్తె తిట్లే వస్తయని భయం. చెప్పు వాసన పీల్చుకుంటనే కూసున్న. ఒక్కటి మాత్రం నిజం, కోపం పోయింది. లైనుల ముందలికి గూడ పంపిండ్రు.

నవ్వుతూ పలకరించుడు గూడ పుణ్యమేనని మౌల్సాబ్ ఇంకో జుమ్మాకు చెప్పిండు. తెల్లారి బాయి మీద ఓవర్‌మన్‌ను చూసి నవ్విన. ఆయన ఆగిపోయిండు.

"ఏమైంది భాయ్? ఏం పలగ్గొట్టినవ్?"

"ఏం లేదన్న. ఊకెనే."

"ఊకెనే ఎందుకు నవ్వుతవ్? నిజం చెప్పు" అని ఆ రోజంత నా టబ్బులు, తాళ్లు, సామానంత రెండుసార్లు చూసుకున్నడు.

ఓవర్‌మన్ మా దిక్కు పల్లెటూరాయనే. ఇంటికాడ ఇంకా ఎవుసం ఉండె. మంచోడే గని పని మీద ఉంటె ఆయనకు గూడ నోటికి బ్రేకు లేదు. మా ఇద్దరికి పడేది కాదు. ఒకపాలి నేను ఆయన అంగీ కాలరు పట్టుకుంటె నలుగురు గుంజి విడిపించిండ్రు. అట్లాంటాయన దగ్గర నాకు పరీక్ష వచ్చింది.

పొద్దటి షిఫ్టు. లోపట మూడు టబ్బులు పట్టాలు తప్పినయి. నా తప్పు లేకుండె, పట్టా కింది చెక్క మురిగిపోయి ఉండె. ఓవర్‌మన్ ఉరికొచ్చి ఏం చూడకుంటనే మొదలుపెట్టిండు. నన్ను గాడిదన్నడు, సప్పుడు చెయ్యలే. మా సదువును అన్నడు, అది ఎట్లాగు లేదు. తర్వాత మా నాయినను అన్నడు.

నా చెయ్యి పక్కకున్న ఇనుప సబ్బలు మీదికి పోయింది. పోయిన చేతిని మళ్ల గుంజుకున్న. వజూ చేద్దామంటె బాయిల ఉన్నయి బొగ్గు కలిసిన నల్లటి నీళ్లే. కూసున్న. ఆయన ఇంకా ఒర్లుతున్నడు. కూసుంటె కోపం ఇంకా ఎక్కువైంది, ఎందుకంటె ఆయన పైనుంచి మాట్లాడవట్టె. ఇగ ఆఖరి మందే మిగిలింది. పక్కకు దుంగలు పేర్చి ఉన్నయి. వాటి మీద ఎల్లెలుకల పడుకున్న. రెండు చేతులు ఛాతి మీద పెట్టుకొని, టోపీ లైటు పైకప్పుకు కొట్టుకుంట, కండ్లు తెరిచి పడుకున్న.

ఓవర్‌మన్ నా మీదికి వంగి చూసిండు. "లే భాయ్" అన్నడు. నేను లెవ్వలే. "లేవయ్యా, ఏం నాటకం?" అన్నడు. నేను లోపట దువా చదువుకుంటున్న.

అదే టైముకు అవుతల మలుపుకాడికెల్లి అండర్ మేనేజర్ సాబ్ వచ్చిండు. వచ్చి నా ముఖం మీదికి లైటు కొట్టిండు.

డ్యూటీల నిద్రపోయినందుకు చార్జిషీటు.

జవాబు రాసియ్యాలె. యూనియన్ లీడర్ దగ్గరికి పోయిన. ఆయన పెన్ను తీసి, "బీపీ డౌనై పడిపోయిన అని రాద్దాం" అన్నడు.

"పడిపోలేదన్న. పడుకున్న."

"ఎండదెబ్బ అని రాద్దాం."

"బాయిల ఎండెక్కడిది?"

"మరి ఏం రాయమంటవ్?"

"కోపమొచ్చింది, అందుకే పడుకున్న అని రాయి."

ఆయన పెన్ను మూత పెట్టిండు. "భాయ్, గిట్ల రాస్తె నౌకరి పోవుడే కాదు, ఎర్రగడ్డ పిచ్చి దవాఖానకు గూడ పంపుతరు" అన్నడు. నాకు గూడ అబద్ధం ఆడుదామనే ఉండె. గని అబద్ధం ఆడొద్దన్నది గూడ అదే ప్రవక్త కదా. ఒక మాట పట్టుకొని ఇంకో మాట ఇడిస్తె ఎట్ల? ఉన్నదున్నట్టే రాయించిన.

ఎంక్వైరీ నాడు బాయి ఆఫీసుల టేబుల్ ఎనుక ఒక ఆఫీసరు. నా కాయితం రెండుసార్లు చదివిండు.

"కోపమొస్తె పడుకుంటవా?"

"మొదలు కూసుంట సార్. తగ్గకుంటెనే పడుకుంట."

"ఎవరు చెప్పిండ్రు నీకు?"

"మా ప్రవక్త చెప్పిండు సార్."

ఆయన పక్కకున్న క్లర్కు రాసుడు ఆపి, ఇది రాయాల్నా వద్దా అన్నట్టు ఆఫీసరు దిక్కు చూసిండు. ఆఫీసరు సాక్షిని పిలువుమన్నడు. సాక్షి ఓవర్‌మనే. నా పని ఒడిసింది అనుకున్న. కాలరు పట్టించుకున్నోడు, ఇయ్యాల వాని చేతికి దొరికిన.

"ఈయన నిద్రపోయిండా?" అని ఆఫీసరు అడిగిండు.

ఓవర్‌మన్ నేల చూసిండు. "లేదు సార్. కండ్లు తెరిచే ఉండె. నన్నే చూస్తుండె."

"మరి ఎందుకు పడుకున్నడు?"

"సార్, ఆయన అక్కడ పడుకోకపోతె నేను దవాఖానల పడుకునేటోన్ని. తప్పు నాదే. నేను వాళ్ల నాయినను అన్న. ఆయన నాయిన లేడని నాకు ఎర్కే, అయినా అన్న."

ఇన్నేండ్లు ఒక్క దగ్గర పని చేసినం, ఆ మనిషి గట్ల మాట్లాడగలడని నాకు తెలవదు. ఆఫీసరు నాకు వార్నింగ్ కాయితం ఒక్కటిచ్చి ఇడిసిపెట్టిండు. ఇంకోసారి కోపమొస్తె బయటికొచ్చి పడుకొమ్మన్నడు.

ఇగ చూడుండ్రి నా షాన్. బాయి బాయికి ముచ్చట పాకింది. క్యాంటీన్ల నేను కూసుంటె "ఏమైంది భాయ్, కోపమొచ్చిందా" అని చాయ్ తెచ్చిచ్చేటోల్లు. జుమ్మాకు మజీదుల మొదటి వరుసల నిలబడ్డ. లోకంల నా అంత సహనమున్నోడు లేడని, ఆ ముచ్చట పదిమందికి చెప్పుకుంట తిరిగిన. మా ఆమెకు గూడ నాలుగోసారి చెప్తుంటె ఆమె బియ్యంల రాళ్లు ఏరుకుంటనే అడిగింది.

"పక్కింటి కాక పొద్దుగాల కుర్చీ పట్టుకొని యాడికి పోతుండో ఎర్కనా?"

"యాడికి పోతడు? రోగం తగ్గింది, తిరగవోతుండు."

"చౌరస్తల బస్టాపు షెడ్డుకు పోతుండు. అక్కడ కూసొని దగ్గుతుండు. పగటీలి తిండి యాళ్లకు మళ్ల వస్తుండు. నువ్వు ఒర్లిన తెల్లారి నుంచి గదే పని."

నేను నమ్మలే. తెల్లారి రెండో షిఫ్టు ఉండె, పొద్దుగాల్నే చౌరస్తకు పోయిన. షెడ్డుల సిమెంటు బెంచీలు పలిగిపోయి ఉన్నయి, అందుకే కుర్చీ. ముందలకెల్లి బసంత్‌నగర్ దిక్కు సిమెంటు లారీలు దుమ్ము లేపుకుంట పోతున్నయి. ఆ దుమ్ముల ముసలాయన కూసొని మోకాళ్ల మీద చేతులు పెట్టి దగ్గుతుండు. లారీ వచ్చినప్పుడు ఇంకా గట్టిగ దగ్గుతుండు. లారీ సప్పుడుల దగ్గు ఇనరాదని.

మౌల్సాబ్ చెప్పంగ ఇన్న మాటనే యాదికొచ్చింది. ఎవని కీడుకు పక్కింటోడు భయపడ్తడో వాడు మోమిన్, అంటె నిజమైన ముసల్మాన్, కాడని. నేను ఇన్నప్పుడు తల ఊపిన గూడ. పక్కింటోడు అంటె ఎవరో అనుకున్న.

దగ్గరికి పోయిన. తిట్టనీకి రెండు భాషలున్న మనిషికి మాఫీ అడగనీకి ఒక్క భాష గూడ లేకపాయె.

"కాకా, ఇంటికి పోదాం పా. నాది తప్పైంది."

ఆయన నన్ను చూసి మెల్లగ నవ్విండు. "నువ్వు ఒర్లినవని రాలేదు బిడ్డ. ఇక్కడ గాలి మంచిగుంటది" అన్నడు. అంటుంటెనే ఒక లారీ పోయింది, ఇద్దరం కలిసి దగ్గినం.

"కాకా, నీ కాళ్లు మొక్కుత."

"మీవోల్లు అల్లాకు తప్ప మొక్కరు కదా" అన్నడు. "సరె, వస్త. గని ఒక షరతు."

"చెప్పు కాకా."

"నువ్వు గురక బంద్ చెయ్యాలె."

"గురకనా?"

"రాత్రి షిఫ్టు చేసొచ్చి పగటిపూట నువ్వు పండుకుంటె మా గోడ మీది ఏసయ్య పటం ఊగుతది. గోడకు చెవి పెట్టే పని లేదు. నేను వచ్చిన నాటి నుంచి ఒక్కనాడన్న పగలు నిద్రపోయిన్నా? అలసిపోయొచ్చిండు, పండుకోనీ అనుకొని మా బిడ్డకు గూడ చెప్పలే."

నాకు సిగ్గుతోని నవ్వొచ్చింది, నవ్వుకు ఏడుపొచ్చింది. కుర్చీ నేనే మోసిన. తోవ పొడుగుత ఆగుకుంట, ఊపిరి తీసుకుంట నడిచిండు. "లోపట ఇంకా కంపెనీ బొగ్గే ఉంది బిడ్డ. రిటైరైనా వాపసు తీసుకుంటలేరు" అన్నడు.

టీచరక్క మాత్రం అంత అలకగ ఇడువలే. సాయంత్రం ఆమె బడి నుంచి వచ్చినంక పోయి చెప్పిన. ఆమె గేటు పట్టుకొనే ఇన్నది.

"అన్నా, మా నాయిన మాఫీ చేసిండు. ఆయన అందరిని మాఫీ చేస్తడు. నాకు టైము పడ్తది" అన్నది. గేటేసుకొని లోపటికి పోయింది. నాకు కోపం రాలే. రానీకి హక్కు గూడ లేకుండె. ఆర్నెల్లకు క్రిస్మస్ నాడు కేకు ముక్కలు పంపింది గని మా ఆమె పేరు చెప్పి పంపింది. ఆ మీది ఏడు నా పేరు గూడ కలిసింది.

తెలంగాణ వచ్చే రెండేండ్ల ముందల ఆమె పెనిమిటికి నస్పూర్ దిక్కు బదిలీ అయ్యింది. ముసలాయనను గూడ తోలుకపోయిండ్రు. నెలకొకపాలి నేను, మా ఆమె బస్సెక్కి గోదారి దాటి పోయేటోల్లం. కొత్త లైనుల ఆయనకు జల్దినే అందరు సుట్టాలైండ్రు. మేము పోంగనే చుట్టుపక్కలోల్లను కేకేసి పిలిచేటోడు.

"ఇగో, చెప్పిన కదా! దగ్గుతున్ననని నన్ను ఇంట్లకెల్లి ఎల్లగొట్టినోడు. గీ మనిషే, గీ మనిషే!"

వాళ్లంత నన్ను పైకెల్లి కిందికి చూసేటోల్లు. ఒకవ్వ అయితె దగ్గరికొచ్చి, "చూస్తె గట్ల లేడు కదనే" అనేది. నేను చాయ్ గిలాస పట్టుకొని నిలబడి నవ్వేటోన్ని. అందరికంటె ఎక్కువ మా ఆమె నవ్వేది. పోయిన ప్రతిపాలి గదే పరిచయం, గవే మాటలు. ఆయన పానం ఉన్నన్ని దినాలు ఒక్క మాట గూడ తగ్గియ్యలే.